పళ్ళ లెక్క

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
మీరావలి కొట్టు ముందు గొంతుక్కూర్చుని
చూపుడువేలితో పళ్ళు లెక్కపెడుతున్నాను.
ఇరవై ఆరు రావాలి.
ఇరవై మూడు దగ్గర గ్రీజు అడ్డొచ్చి
మళ్ళీ మొదటికి.

"గేదెను కొనేవాడు కూడా
ఇన్నిసార్లు నోరు తెరిచి చూడడు సార్!"

నా జిప్సీలో పదకొండేళ్ళుగా
వెనక చక్రాలదే చాకిరీ.
ముందువి ఊరికే దొర్లుతాయి
పల్లకీ పక్కన నడిచే పెద్దమనుషుల్లా.

ఈ బాక్సు సింగ్‌నగర్ బండిది.
బుడమేరు పొంగినప్పుడు
స్టీరింగు దాకా మునిగిందట.
అమ్మేరోజు దాని ఓనరు
టేపు రికార్డరొక్కటే ఊడదీసుకున్నాడట.
అడుగు నట్టు విప్పితే
ముందు నీళ్ళు
తర్వాత పాలుపోసిన కాఫీలాంటి నూనె
ఆఖర్న చిటికెడు ఒండ్రు,
వేళ్ళ మధ్య ఎంత మెత్తగా ఉందో!

తూకం లెక్కయితే పన్నెండొందలు.
"ఇది ఇనుము కాదు సార్, బాక్సు" అన్నాడు మీరావలి.
ఆరువేలు.

ఇరవై ఆరు. మూడుసార్లూ.
షాఫ్టు రెండంగుళాలు పొట్టి.
దాని సంగతి లేతు మీద ఏసుపాదం చూసుకుంటాడు.

బెంజి సర్కిల్ దాటుతుంటే
ఆటో గతుక్కుమంది.
నా కాళ్ళ మధ్య, గోనెసంచిలో,
ఒక పన్ను ఇంకో పన్నును
తడుముకున్న చప్పుడు.