ఐసు కరిగే లోపు

ముందు మైలుతుత్తం నీలం,
చిన వాల్తేరు కిటికీలోంచి కనిపించే సముద్రం కంటే
ఒక పిసరు ఎక్కువ నీలం.
అందులోకి హైపోఫాస్ఫరస్ ఆమ్లం, చుక్క తర్వాత చుక్క.
వేడి అరవై దాటనివ్వకూడదు.
థర్మామీటరు మీద నా చూపు, నా వీపు మీద మే నెల.

నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది,
తర్వాత ఎవరో చింతపండు పిసికినట్టు
అడుగున ఎర్రటి మడ్డి.

"ఇదేటి బాబూ?"
పరీక్షనాళికలు కడుగుతూ నూకరత్నం.
రాగి, అన్నాను. ఒట్టి రాగి కాదు,
హైడ్రోజన్‌ని పట్టుకుని ఉన్న రాగి.

"ఎంతసేపు?"

పుస్తకంలో ఆ లెక్క లేదు.
'అస్థిరం' అని ఒక్క మాట, వెంటనే చుక్క.
భుజంగరావు మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా
ఆ చుక్క దగ్గరే సుద్దముక్క కింద పెట్టి
చేతులు దులుపుకునేవారు.

హైడ్రోజన్‌ది ఇచ్చే చెయ్యి.
ఏ ఆమ్లంలో చూసినా
ఉన్న ఒక్క ఎలక్ట్రాన్నీ ఎవరికో ధారపోసి
ఒట్టి ఒంటితో తిరుగుతుంది.
ఇక్కడ మాత్రం చెయ్యి చాచింది.
రాగి ఇచ్చింది,
రేపే వచ్చి అడుగుతానన్న మొహం పెట్టుకుని.

శుక్రవారం నాలుగింటికి ఫ్రిజ్ ఒకసారి మూలిగి ఆగింది.
గాజువాక మెకానిక్కు సోమవారం గాని రాలేనన్నాడు.
సీసా గోడకి అప్పుడే ఒక బుడగ.
నేను చూస్తున్నాను, చూడ్డం తప్ప
ఎమ్మెస్సీలో ఏం నేర్పారో గుర్తు రాలేదు.

నూకరత్నం ఎప్పుడు వెళ్ళిందో తెలీదు.
ఫిషింగ్ హార్బర్ నుంచి ఆటోలో దిగింది
థర్మోకోల్ పెట్టె, అందులో పొడి కొట్టిన ఐసు,
ఐసులో రెండు మూడు పొలుసులు, కోనాం వాసన.

"మాయమ్మ ఇరవయ్యేళ్ళు దీంతోటే బతికింది.
ఆరింటికి కేజీ ఆరొందలు,
తొమ్మిదికి నాలుగొందలు,
ఎండెక్కితే అడిగినోడికి ఒగ్గీడమే.
ఐసు సేపని బతికించదు బాబూ,
బేరం కుదిరీదాక ఉండమంటది."

సీసాని మెడదాకా ఐసులో పాతాం.
బిరడా బిగించొద్దన్నాను:
పోయేదానికి దారి లేకపోతే గాజే పగులుతుంది.
ఆ మాటకి ఆమె నావైపు చూసింది,
ఏమీ అనలేదు.

రాత్రి ల్యాబులో ఇద్దరం, ఒక టేబుల్ ఫ్యాను.
నీళ్ళు వంచుతూ, కొత్త ఐసు పోస్తూ.
రేవులో ఏదో ఓడ కూత పెట్టింది, పొడుగ్గా.
"పదకొండు," అంది నూకరత్నం.
గంట అనుకున్నాను. బుడగలట.

ఆదివారం మధ్యాహ్నం చిటికెడు మడ్డి తీసి
హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశాను.
ఒట్టి రాగికి ఆ ఆమ్లం ఎదురైతే ఉలకదు, పలకదు.
ఇది నురగలు కక్కింది.
లేచిన వాయువులో సగం ఆమ్లానిది, సగం దీనిది:
ఉన్నది ఇచ్చేసుకున్న ఒక హైడ్రోజన్,
అప్పు తెచ్చుకున్న ఇంకో హైడ్రోజన్
ఒకదాన్నొకటి పట్టుకుని
ఎవరికీ బాకీ లేకుండా గొట్టమెక్కి పోయాయి.
కొలత దొరికింది. ఘనపరిమాణం రాసుకున్నాను,
అంకెల్లో చెయ్యి కొంచెం వణికింది.

సాయంత్రం ఏడింటికి మిగిలింది ఒట్టి రాగి.
గాజు లోపల పలచగా,
కొత్తగా తోమిన చెంబు అడుగులా మెరుస్తూ.
'ఎంతసేపు' అన్న గడి నా పట్టికలో లేదు, గీసుకున్నాను.
యాభై ఒక్క గంటలు.

"సింతపండెట్టి తోమీనా?"
దీనికది చాలదని
నైట్రిక్ ఆమ్లం రెండు చుక్కలు వేశాను.
గోధుమరంగు పొగ లేచింది,
ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టి కిటికీ తెరిచింది.
పొగ పోయాక చూస్తే సీసాలో
మళ్ళీ నీలం.

మెకానిక్కు మంగళవారం వచ్చాడు.
ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది,
నలభై మూడో పేజీ తెరిస్తే
కోనాం వాసన.