ఒంటి అంచు

కొరట్టూరు షెడ్డులో, రేకుల కింద
మే నెల మధ్యాహ్నం.
గొలుసు విప్పి నేల మీద పరిచాం.
ముప్పై ఆరు లింకులు,
తీర్చని అప్పులా బారుగా పడి ఉంది.

మాస్టర్ పిన్ను ఊడి రావడానికే రెండు రోజులు.
డీజిల్లో నానబెట్టాం, గ్యాసుతో కాల్చాం.
పన్నెండు పౌన్ల సుత్తి పడ్డప్పుడల్లా
పక్కనున్న పిండిమిల్లు వాడు తొంగి చూశాడు.

దొరైకణ్ణు గారికి అన్నీ అసలువే కావాలి.
"బోల్టు తల మీది అక్షరాలు కూడా
అప్పటివే ఉండాలి మేస్త్రీ" అంటాడు.
పుదుపేటలో పదకొండు కొట్లు తిరిగాను.
ఒకడు లారీ బేరింగు చూపించి అదే ఇదన్నాడు.
ఇంకొకడు, తూకానికి అమ్మేశాను, నిన్ననే, అన్నాడు.
నిన్ననే.
పాత సామాను వెతికేవాడికి
ఎప్పుడూ ఒక్కరోజే ఆలస్యం.

పసుపు కింద ఎరుపు, ఎరుపు కింద
ఏదో ఆఫీసు వాళ్ళ ఆకుపచ్చ.
ఇంకా గీకితే బూడిద రంగు.
పొన్ని తడిగుడ్డతో తుడిచి
"ప్రైమరేమో సార్" అంది.
కాదమ్మా, పుట్టుక రంగు అదే, నేనెరుగుదును.

ఎరుగుదునని ఎందుకన్నానో
రోలర్లు విప్పేదాకా నాకూ తెలీదు.

పక్కకి అయిదు.
మొదటిది ఒంటి అంచు, రెండోది జంట అంచు,
మళ్ళీ ఒంటి, మళ్ళీ జంట,
చివర, పళ్ళచక్రం పక్కనుండేది
ఖచ్చితంగా ఒంటి అంచే.
డెబ్బై ఎనిమిదిలో, వ్యాసర్పాడి షెడ్డులో
ఎత్తిరాజులు మేస్త్రీ మాచేత
ఎక్కంలా వల్లె వేయించిన వరస ఇది.
"జంట అంచు చివర పెట్టావా,
చక్రాన్ని కొరుకుద్దిరా.
ఇవాళ కాదు. నువ్వు మర్చిపోయాక."

ఎడమవైపు చివర్న జంట అంచు ఉంది.
పళ్ళచక్రం ఓరమంతా
వాడేసిన సబ్బుబిళ్ళలా అరిగి ఉంది.

"ఏ గాడిద బిగించాడు సార్ దీన్ని?"

గ్రీజూ మట్టీ కలిసి తారులా గట్టిపడ్డాయి.
రోలర్ మెడ మీద తీగ బ్రష్షుతో రుద్దాను.
మూడు చుక్కలు. ఒక గీత.

మేస్త్రీ దగ్గర ప్రతి కుర్రాడికీ ఒక పంచి గుర్తు.
ఏకాంబరానిది కొక్కెం, అంతోనిది శిలువ.
మూడు చుక్కలు, ఒక గీత నాది.

ఆ రోజు ఏం తొందరపడ్డానో
గుర్తు తెచ్చుకోవాలని చూశాను.
మ్యాట్నీ కావచ్చు. వాన కావచ్చు.
ఆరింటికల్లా బండి కావాలని
గుమ్మంలో బీడీ కాలుస్తూ నిలబడ్డ డ్రైవరు కావచ్చు.
ఏదీ గుర్తు రాలేదు.
ఎన్ని చెరువుల ఒండ్రులో దిగిందో ఈ బండి,
తిరిగిన ప్రతి చుట్టుకీ
నా పంతొమ్మిదేళ్ళ సాయంత్రమొకటి
ఇనుమును నూలుపోగంత కొరుకుతూ వచ్చింది.

మేస్త్రీ పోయి ఇరవై రెండేళ్ళు.
ఉంటే తిట్టేవాడు కాదు.
స్పానరు నా చేతిలో పెట్టి
టీకి వెళ్ళిపోయేవాడు.

సాయంత్రం దొరైకణ్ణు గారొచ్చారు.
"చక్రం అసలుదేనా?"
"అసలుదే. అరిగింది."
"ఎందుకని?"
"రోలర్లు తారుమారుగా పెట్టారు."
"ఎవరు?"
ఫ్యాను అటు తిరిగి
మళ్ళీ మా వైపు వచ్చేదాకా ఆగాను.
"నేనే."
ఆయన పగలబడి నవ్వాడు, హాస్యమనుకుని.
పొన్ని నవ్వలేదు.

ఓరం మీద వెల్డు పోసి, చల్లారనిచ్చి,
మళ్ళీ పోసి,
పాత కొలతకి గ్రైండు చేయడానికి నాలుగు రోజులు.
చివర ఒంటి అంచు, దాని ముందు జంట.
రెంచి టిక్కుమనేదాకా
పొన్ని చేతే బిగింపించాను.
పంచి ఇచ్చి "గుర్తు కొట్టు" అన్నాను.

"నాకు గుర్తంటూ ఏం లేదు సార్."
"ఎంచుకో. తొందరేం లేదు."

టీ వచ్చింది, మీగడ కట్టింది.
ఆ పిల్ల పంచి పట్టుకుని, రోలర్ ముందు గొంతుక్కూర్చుని
ఇంకా ఆలోచిస్తూనే ఉంది.