రాయి ఎవరి చేతిలో ఉంటే

విల్లివాక్కం మిద్దె మీద, నీళ్ల ట్యాంకు చుట్టూ
ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు హిమకర్.
గుడ్డు పగలాలంటే ఇంకా ఆరు వందల అడుగులట.
కత్తిరి రోజులు. కరెంటు పోయి గంటయింది.
ఆరేసిన దుప్పట్ల కింద తల వంచుతూ
వాడి వెనకే నేను.

నాలుగేళ్లుగా వాడు నన్ను ఏమనీ పిలవడు.
నాన్నా అనడు, అంకుల్ అనడు.
"ఇదిగో" అని మొదలుపెడతాడు, అంతే.

ఇదిగో, ప్రతిదానికీ ఒక స్వభావం ఉంటుంది తెలుసా.
మొండిదైతే కొట్టే దెబ్బ పదోవంతు పెరుగుతుంది,
మంత్రం పదోవంతు తగ్గుతుంది.
పిరికిది అందరికంటే ముందు పరిగెడుతుంది,
దెబ్బలో మాత్రం పస ఉండదు.
మొండిదానికి కారం ఇష్టం, పిరికిదానికి తీపి.
కొన్నిటికి ఏ రుచీ పట్టదు,
ఏదీ పెరగదు, ఏదీ తగ్గదు.

పదోవంతు సంగతి నాకు తెలుసు.
మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా
పెట్టె గోడని వెనక్కి పంపడమే
కోచ్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా నా పని.
ఆ కాస్తలోనే ఒక ప్రాణి
కారం వైపో తీపి వైపో తిరిగిపోతుందని
ఏ గేజీ చెప్పలేదు.

మరి పిల్లకి ఎవరి స్వభావం వస్తుంది?
అదృష్టం. ఇరవై అయిదులో ఏదో ఒకటి.

కంచం తోసేసి లేచినప్పుడల్లా
అచ్చం వాళ్ల నాన్నే అంటుంది వకుళ,
గొంతు తగ్గించి.

కానీ ఒక రాయి ఉంది, అన్నాడు.
అది పట్టుకున్నది ఇంక ఎదగదు, రూపం మారదు.
దాని స్వభావం మాత్రం
తప్పకుండా పిల్లకి వెళ్తుంది.

రెండేళ్ల కింద ప్రమోషను మీద
రాయబరేలీ పొమ్మన్నారు నన్ను.
వాడప్పుడు నాలుగో తరగతి,
అప్పుడప్పుడే రాత్రిళ్లు కలవరించడం మానాడు.
కాగితం మడిచి
బీరువాలో చీరల అడుగున పెట్టాను.

పెద్దవి రెండూ ఒకే జాతివై ఉండాలా?
ట్యాంకు వైపు చూస్తూ అడిగాను.

అక్కర్లేదు. ఒక జిగురుముద్ద ఉంటుంది.
సొంత రూపం లేదు దానికి,
ఎవరి పక్కన ఉంటే వాళ్లలా తయారవుతుంది.
పుట్టేది దాని జాతి కాదు.
కానీ రాయి దాని దగ్గరుంటే
స్వభావం దానిదే.

భలే ఉందే ముద్ద, అన్నాను.
చూడ్డానికేం బాగోదు, అన్నాడు.

ఐదొందల తొంభై, ఆరొందలు.
గుడ్డు పగిలింది. వాడి ముఖం మీద నీలం వెలుగు.
ఛ, మళ్లీ పిరికిదే.
వదిలేస్తావా?
పేరు పెట్టేశాగా, ఎలా వదులుతా.

కిందికి దిగుతూ మిద్దె తలుపు గొళ్లెం వేశాడు.
నాలుగు మెట్లు దిగాడు.
ఆగి, వెనక్కి ఎక్కి,
గొళ్లెం మళ్లీ ఒకసారి లాగి చూశాడు.

రోజూ రాత్రి నేను చేసే పని అది.
వకుళ నవ్వేది దానికే.
వాడికి ఎవరూ చెప్పలేదు.

నేను చూడనట్టు
టార్చి మెట్ల మీదికి తిప్పాను.
ఇదిగో, అన్నాడు చీకట్లోంచి,
అక్కడ మెట్టు విరిగింది, చూసుకో.