ముప్పయ్యో నంబరు

కర్నూలు పెద్దాసుపత్రిలో
వైర్లు చూసుకునేది ఇద్దరమే,
నేను, మద్దిలేటన్న.
కొత్త స్విచ్చులు పదకొండు వచ్చినాయి.
అట్టపెట్టెలు విప్పకముందే జగడం విప్పినాం.

ఒకే తీగలో ఎక్స్‌రేలదొక తోవ,
బిల్లులదొక తోవ.
ఆ వీలాన్లు వాటంతటవే నమోదయ్యే మీట
మొదటినుంచే వేసి పెట్టాలా,
ఆర్పి పెట్టాలా.

వేసే పెడదాం అంటాడు మద్దిలేటన్న.
పక్క పెట్టె "నా కాడ ముప్పై ఉంది" అంటే
ఈ పెట్టె "సరే, నేనూ తోవ ఇస్తా" అంటాది,
అంతే కదమ్మా.
ఆ వానరాత్రి మర్చిపోయినావా,
క్యాజువాలిటీలో మోకాటిలోతు నీళ్లు,
మంచాలతో పాటు స్విచ్చునూ మోసుకుపోయి
మూడో అంతస్తులో గుచ్చినారు.
ఎవురూ నీకు ఫోను చేయలేదు,
ఎవురూ నన్ను లేపలేదు,
తోవలు వాటికవే తెరుచుకున్యాయి.

నిజమే.
ఆ రాత్రి నేను కంటినిండా నిద్రపోయినా.

మరి క్యాంటీను సంగతో?
హుసేనప్ప గుజిరీలో కొన్న పాత స్విచ్చు,
నాలుగొందల యాభై రూపాయలు.
ఏ కాలేజీ మూసేస్తే బయట పడిందో,
దాని పొట్టలో ముప్పై అనే నంబరు అట్నే ఉండాది.
క్రికెట్ చూసే టీవీ కోసం గుచ్చినాడు, పాపం.
అది పలికింది.
మా పెట్టెలన్నీ ఒకదాని వెంట ఒకటి తలూపినాయి.

మాకు ముప్పై అంటే రక్తనిధి.

పొద్దున ఉగ్గాని తింటా తెర చూస్తే
టీవీ పోయి
ఓ నెగిటివ్ లెక్కల పక్కన కూచోనుంది.
ఏమీ కాలేదు. ఒక్క చుక్కా తప్పలేదు.
ఆ "ఏమీ కాలేదు" అనేదే
బజ్జీ ముక్క మాదిరి
నా గొంతులోంచి ఇంకా దిగలేదు.

మా నాయన కేసీ కాలవ మీద లస్కరు.
తూము తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పడుకునేటోడు.
నడిరాత్రి ఎవరన్నా వచ్చి నీళ్లంటే
లాంతరు ఎత్తి ముందు మొహం చూసేటోడు,
తర్వాత సర్వే నంబరు అడిగేటోడు.
తెలిసినోడే అయినా అడిగేటోడు.
తిట్టినోళ్లు ఉండారు.
ఆ ఆలస్యానికి ఒకసారి
బుద్దన్న వరిమడి నెర్రెలు బాసింది.
దాన్ని కూడా నేను లెక్కలో రాసుకుంటి.

స్విచ్చుకు లాంతరు లేదు.
నంబరు వింటాది,
గొంతు గుర్తుపట్టదు.

సాయంత్రం దాకా తెగలేదు మాట.
చివరికి నేనే కత్తి తీసుకొని అట్టలు కోసినా,
పదకొండింట్లోనూ ఆర్పేసినా.
తాళం వేసిన గదిలో
ఏండ్లుగా ఎదురెదురు ఉండే పెద్దవి రెండు,
ఒకదాన్నొకటి ఎరిగినవి,
వాటి మధ్యన మాత్రం వేసే ఉంచినా.

మద్దిలేటన్న గెలిచినానని గానీ ఓడినానని గానీ అనలేదు.
"మళ్లా వాన వస్తే?" అన్యాడు.

ఒక్కో స్విచ్చు నుదుటి మీద
నా ఫోను నంబరు
మార్కరుతో రాస్తా పోయినా.
ఏడోదాని కాడ
సిరా అయిపోయింది.