ఏడో ప్రశ్న

సంబంధం ఖాయమైంది,
ముహూర్తమే ఇంకా పెట్టలేదు.
"అంగీకరించాం" అని ఉత్తరం వెళ్ళాక
వ్యాసం బతుకు అలా ఉంటుంది.
అప్పుడది నా బల్ల మీదికి వస్తుంది.

తార్తూలో, మూడో అంతస్తులో,
రేడియేటర్ మీద చేతితొడుగులు ఆరేసుకుని
ఇతరుల వాక్యాల్లో కామాలు ఏరుతూ
పందొమ్మిదేళ్ళుగా కూర్చున్నాను.
నా పేరు ఏ పుటలోనూ ఉండదు.
తప్పు మిగిలితే మాత్రం నాదే.

నవంబరులో వచ్చిన ఈ వ్యాసం
పైని మంచు పగిలి ఒక నది కదిలే తేదీల గురించి.
ఎనభై ఏడు వసంతాలు, ఎనభై ఏడు గళ్ళు.
రాసినావిడ హెల్వే సూర్‌కాస్క్.
ఎప్పుడూ చూడలేదు.
తెలిసిందల్లా, "అయితే" అనే మాటంటే ఆవిడకు మమకారం,
పేరాకు రెండు.
ఒకటి తీసేశాను, ఒకటి వదిలాను.
తీసినచోట వాక్యం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది,
నాకే కాస్త దొంగతనంలా అనిపించింది.

ప్రశ్న ఒకటి: సూచికలో ఉన్న ఈ నివేదికను
వ్యాసంలో ఎక్కడా తలచుకోలేదే?
ప్రశ్న మూడు: నాలుగో చిత్రంలో బాణం
ఉత్తర దిక్కా, ప్రవాహమా?
ప్రశ్న ఏడు: 1959 గడి ఖాళీగా ఉంది.
ఆ ఏడు నది గడ్డకట్టలేదా,
లేక ఎవరూ చూడలేదా?
మా నియమావళిలో
ఖాళీకి రెండు అర్థాలు ఉండకూడదు.

నలభై ఎనిమిది గంటల గడువు.
ఆవిడ ముప్పై ఒకటో గంటకే రాసింది:

"బాణం ప్రవాహం.
నివేదిక తీసేయండి, మొహమాటానికి పెట్టాను.
ఏడుకు: మంచు ఉంది, చూసేవాళ్ళే లేరు.
రేవు కాపలా మా అమ్మది,
ఆ కాలం తేదీలన్నీ ఆమె గోడమీద సుద్దతో గీసినవే.
ఆ మార్చి చివర పదకొండు రోజులు
పురిటి మంచం దిగలేదు.
లేచి రేవుకొచ్చేసరికి నీళ్ళు పారుతున్నాయట.
ఆ ఖాళీ నా వల్ల వచ్చింది."

పట్టిక అడుగున, చిన్న అక్షరాల్లో,
"పరిశీలన లేదు" అని చేర్చాను.
పదకొండు రోజుల బాలింత
రెండు మాటల్లో పట్టింది.

తర్వాత అక్షరాలు కూర్చే ఉర్మస్ చేతికి.
అతని దగ్గర్నుంచి పట్టిక రెండుగా విరిగి వచ్చింది.
ఆవిడ ఇంటిపేరు ఒక వరస చివర సూర్ అని,
కింది వరస మొదట్లో కాస్క్ అని తెగింది.
అతికించాం.
డిసెంబరు. జనవరి.
వ్యాసం వరసలో నిలబడి ఉంది,
చేతిలో టోకెను పట్టుకుని.

ఫిబ్రవరిలో మళ్ళీ ఆవిడే, చాలా మర్యాదగా:
"ఈ శీతాకాలం నది గడ్డకట్టనే లేదు.
ఒక్క గడి చేర్చడానికి వీలవుతుందా?
తేదీ అక్కర్లేదు. అడ్డగీత చాలు."

వీలుకాదు.
ప్రూఫు దశలో అచ్చుతప్పులే దిద్దాలి,
కొత్త సంగతులు రాకూడదు.
ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను,
అందులో కామా నేను పెట్టిందే.
జవాబు నాలుగుసార్లు చెరిపి
ఐదోసారి పంపాను.
"అర్థమైంది" అంది.

ఆ సాయంత్రం బస్సు ఎక్కలేదు,
వంతెన మీదుగా ఇంటికి నడిచాను.
బాతులు నది నట్టనడుమ ఈదుతున్నాయి,
ఆ నెలలో పిల్లలు స్కేట్లు కట్టుకునే చోట.
చాలాసేపు చూశాను.
తేదీ రాసుకోలేదు.

ఏప్రిల్లో వ్యాసం తెరమీదికి వచ్చింది.
పుట సంఖ్యలు లేవు,
అవి ఆకురాలు కాలం సంచికలో వస్తాయి.
శీర్షిక కింద
అందిన తేదీ, సవరించిన తేదీ,
అంగీకరించిన తేదీ, వెలువడిన తేదీ.
చివరి రెండిటి మధ్య ఒక చిన్న కామా.
మంచు పట్టని శీతాకాలం
అక్కడే ఉంది.

మర్నాడు హెల్వే సూర్‌కాస్క్ ఒక్క వాక్యం రాసింది:
"ఆఖరి పేరాలో ఒక 'అయితే' మిగిలిపోయింది,
చూశారా?"

చూశాను.
ఉంచాను.