సొట్ట సోల

పట్నం బజారులో కాటాలు బాగుచేసే దుకాణం మాది.
శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి
పున్నమ్మగారి కబురు:
"సుభానీని రమ్మను. వచ్చేప్పుడు
ఆ అంకెలు వెలిగే కాటా తెమ్మను."

సీసాల మీద చీటీ అంటించాలంట,
చీటీ మీద గ్రాములుండాలంట.
ఆవిడ చేతిలోనేమో
పెళ్లినాటి ఇత్తడి సోల.
"ముక్కలు ఆరు సోలలు, కారం సోల, ఆవపిండి సోల,
ఉప్పు గిద్దె తక్కువ సోల.
ఇయ్యన్నీ గ్రాముల్లో ఎంతో చెప్పు. నీకదేగా పని."

అదేగా పని, అనుకున్నాను నేనూ.

కారం వదులుగా పోసి
అరచేత్తో తలగొట్టింది. నూట యాభై.
గట్టు మీద రెండుసార్లు తట్టింది,
కారం కిందికి దిగింది,
మళ్లీ నింపింది. నూట డెబ్బయ్యెనిమిది.
"రెండిట్లో ఏది రాయమంటారు?"
"తట్టిందే రాయి. తట్టకుండా నేనెప్పుడు పోశాను?"

కల్లుప్పు మూడొందల అరవై.
అదే ఉప్పు రోట్లో దంచి పోస్తే నాలుగొందల పది.
రాళ్ల సందుల్లో ఇన్నాళ్లూ
గాలి కూడా ఉప్పు పేరు మీదే కాపురం చేసింది.
ఆవపిండి నూట తొంభై,
దంచిన ఉప్పులో సగం లేదు,
సోలలో మాత్రం రెండూ అంచుదాకా సమానం.
నూనె పోస్తే మూడొందల ఇరవై.
"లీటరు నూనంటే కిలో కాదంటయ్యా"
అని నాకే పాఠం చెప్పింది.

చివర్న నీళ్లు పోశాను,
సోలలో అసలెంత పడుతుందో చూద్దామని.
మూడొందల నలభయ్యెనిమిది.
మా దుకాణంలో సోలకి మూడొందల అరవై పడతాయి.
తిప్పి చూస్తే
అడుగు పక్కన బొటనవేలంత సొట్ట.

"అదా?" అంది.
"మిరప యార్డులో ఓ దలారి
తరుగని బస్తాకి రెండు కిలోలు కోశాడు.
ఏందయ్యా ఇది అంటే, తేమ అన్నాడు.
ఆ యేడు వాన చుక్క పడితేగా తేమ!
వంటకి బియ్యం కొలుస్తున్నా. సోల విసిరా.
వాడికి తగల్లా,
కాటా దిమ్మకి తగిలింది."

సంచీలోంచి సుత్తి తీశాను,
సరిచేసిస్తానని.
సోల వెనక్కి లాక్కుంది.
"ఉప్పుకీ ఇదే సొట్ట, కారానికీ ఇదే సొట్ట,
ముక్కలకీ ఇదే. ఇందులో ఎవరికి తక్కువైంది?
వాడి కాటాలో తరుగు
నా ఒక్కదానికేరా."

గోడకి ఆనుకుని పుస్తకంలో లెక్క వేశాను.
సొట్టతో ఒకసారి, సొట్ట లేకుండా ఒకసారి.
సీసాలో పాళ్లు మారలేదు,
ఎటు నుంచి కట్టినా.
తూనికల పని పదకొండేళ్లుగా చేస్తున్నాను,
ముద్ర వేసిన రాళ్లు ఎన్నో చూశాను,
తప్పుడు కొలతలో ఇంత న్యాయం ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.

చీటీకి అంకెలు రాసిచ్చాను.
డబ్బులొద్దంటే ఊరుకోలేదు,
సోలెడు పచ్చడి గిన్నెలో పెట్టింది,
ఈసారి తలగొట్టకుండా, గోపురంలా.

దుకాణానికొచ్చి కాటా తుడిచాను.
పళ్లెం ఖాళీ. అంకె మాత్రం రెండు.
వేలితో సందులు గోకితే ఎర్రగా కాస్త కారం.
దులిపాను, సున్నా నొక్కాను,
తుమ్మొచ్చింది.