మూరెడు పట్టీ

కొత్తవాడల మా మగ్గం గుంట కాడికి
ఆడెపు ఓదెలు తాత పొద్దుమూకంగ వచ్చిండు,
చేతిల మందుల షాపు కవరు.
అండ్ల మూడు పతకాలు.
లోహం మంచిగనే ఉన్నది,
పట్టీలే పీలికలైనయి. ఎలుక కొరికిందట.

"నేసిస్తవా బిడ్డా?"
"తాతా, నేను జంపఖానాలు నేసేదాన్ని.
నా పోగు లావు, నీ పట్టీ సన్నం."
"ఎంత లావైతే అంత మంచిది" అన్నడు.

రంగు కోసం తిరగేసి సూసిన.
ఎండ తగలని మడతల దాగుంది అసలు రంగు,
ఎండిన చింతపండు లెక్క, నడుమ తెల్లగీతలు.
పతకం అంచుకు నంబరు, పక్కన ఆయన పేరు:
ఇంగ్లీషుల 'వడేలు' అని చెక్కిన్రు.
"సర్కారుకు నోరు తిరగలే" అన్నడు,
"ఆ పేరుతోనే పదిహేనేండ్లు పలికిన."

పడుగు అంచుకు పదహారు పోగులు విడిగ కట్టి
నేను నేస్తుంటె ఆయన పీట మీద కూసున్నడు.
బడిపిల్లలు అడిగితె చెప్పనోడు
నేనేమీ అడగకుంటనే మొదలువెట్టిండు.

"డెబ్బై ఒకటిల యుద్ధమంత నడిచింది గని
నేను సముద్రం సూడలే బిడ్డా.
కింద, బాయిలరు కాడ ఉన్న.
మీద ఫిరంగి పేలితె మాకు రేకు డబ్బ మీద దరువు.
ఓడ ఎటు తిరిగేదో కాళ్లకే ఎరుక, కండ్లకు కాదు.
మా నాయిన ఇట్లనే, నడుం దాంక గుంటల ఉండి
బతుకంత నేసిండు.
నేను గుంట తప్పిచ్చుకుందామని పోయిన."

ఆగిండు.
నాడె ఒక్కటే అటు ఇటు.

"ఒక్క రాత్రి మాత్రం మమ్ముల మీదికి పిలిచిన్రు.
తోటి ఓడ మునిగింది.
నీళ్ల మీద మనుషులు,
మనుషుల మీద నూనె.
ఒకని చెయ్యి పట్టుకున్న.
పట్టుకున్ననే."

పోగు తెగింది. ముడేసిన.
చాయ్ గిలాస ఆయన రెండు చేతుల్తోటి ఎందుకు పడతడో
ఇన్నేండ్లు మా వాడంత
ముసలి వణుకనుకున్నది.

పట్టీ ఎద్దు మెడతాడంత మందంగ వచ్చింది.
పతకం కొండిల దూరలే, దబ్బనంతోటి కుట్టిన.
ఆయన గుంజి సూసిండు. మల్లొకసారి గుంజిండు.
తెగలే. నవ్విండు.
పైసలు వద్దంటె తలూపి
దారపు కండెల కింద యాభై నోటు పెట్టిపోయిండు,
తెల్లారి ఊడుస్తుంటె దొరికింది.

జనవరి ఇరవై ఆరుకు హన్మకొండ పరేడ్ గ్రౌండుల
కుర్చీల వరుస సర్దే ఆఫీసరు పిల్లగాడు
ఆయన ఛాతీ దిక్కు వంగి
"ఇదేం పట్టీ? రూలు ప్రకారం లేదు కద" అన్నడు.
బాయిలరు మింగిన చెవిని
తాత అటు తిప్పిండు.

జెండా లేసింది.
అందరి చేతులు నొసటికి పోయినయి,
ఆయన కుడిచెయ్యి కూడ.
ఎడమచెయ్యి మాత్రం
మూడు పతకాలను పిడికిట్ల పట్టుకొని ఉన్నది,
గీతం అయిపోయి, పిల్లలకు బిస్కట్లు పంచి,
మైదానమంత ఖాళీ అయ్యేదాంక.